గాలి మాట వినాల్సిందే!

హోటల్లో దిగి, ట్యాక్సీలో ఊరు చుట్టే టూర్లు మనకు అలవాటే. అలా కాకుండా, మీరు పడుకున్న గదే తెరచాప ఎత్తి రోజుకో దీవికి వెళ్తుంటే? హిందూ మహాసముద్రంలోని సీషెల్స్‌లో ఆ ముచ్చట తీర్చుకోవచ్చు. వందకు పైగా దీవులున్న దేశమది. కాకపోతే అక్కడ టైంటేబుల్ వేసేది మనం కాదు, గాలి!

ఎప్పుడు వెళ్లాలి: మే నుంచి సెప్టెంబరు దాకా ఆగ్నేయం నుంచి గాలులు బలంగా వీస్తాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా వాయవ్య గాలులు, వానలు. రెండింటికీ నడుమ ఏప్రిల్, అక్టోబరుల్లో సముద్రం కాస్త నెమ్మదిస్తుంది. తొలిసారి పడవెక్కేవారికి ఆ నెలలే మేలు. ప్రాస్లిన్ దీవిలోని ఆన్స్ లాజియో తీరం ఆగ్నేయ గాలులప్పుడు ప్రశాంతం, వాయవ్య గాలులప్పుడు అలలమయం. లా డీగ్ దీవిలోని గ్రాండ్ ఆన్స్ సంగతి దీనికి తిరగేసి. ఆగ్నేయ గాలులప్పుడు అక్కడ నీళ్లు లోపలికి లాగేస్తాయి. ఈత వచ్చినా దిగొద్దు.

ఏ పడవ: నడిపే అనుభవం లేకపోతే కెప్టెన్‌తో సహా అద్దెకు తీసుకోండి. రెండు డొప్పల మీద తేలే కాటమరాన్‌కు ఊగిసలాట తక్కువ. ఆ పేరు తమిళుల 'కట్టుమరం' నుంచి వచ్చిందే!

ఏం సర్దుకోవాలి: గట్టి సూట్‌కేసు వద్దు, క్యాబిన్లో దానికి చోటుండదు. మడత పెట్టే బ్యాగు చాలు. నీళ్ల మీద పడి తిరిగొచ్చే ఎండ కూడా మాడ్చేస్తుంది కాబట్టి పొడుగు చేతుల చొక్కా, టోపీ తప్పనిసరి. కడుపులో తిప్పడం మొదలయ్యాక మాత్ర వేసుకుంటే లాభం లేదు. డాక్టర్ని అడిగి, బయల్దేరే ముందే వేసుకోవాలి. ట్యాంకులో మంచినీళ్లు కొద్దిగానే ఉంటాయి. స్నానం రెండు చెంబుల్లో ముగించడం నేర్చుకోండి.

వీసా అక్కర్లేదు. కానీ ప్రయాణానికి ముందే ఆన్‌లైన్లో అనుమతి తీసుకోవాలి. అక్కడి జంట కొబ్బరికాయ, కోకో డి మెర్, కొంటే ధ్రువపత్రం అడిగి తీసుకోండి. అది లేకుండా దేశం దాటించకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైంది చివరి రాత్రి. అంతర్జాతీయ విమానాశ్రయం ఉన్నది మాహె దీవిలో. ప్రాస్లిన్ నుంచి అక్కడికి సుమారు 45 కిలోమీటర్లు. తెరచాప పడవకు నాలుగైదు గంటల దారి. పొద్దున అక్కడ బయల్దేరి, సాయంత్రం విమానం ఎక్కేద్దామని లెక్క వేసుకోకండి. సముద్రం బాగాలేకపోతే కెప్టెన్ లంగరు తీయనంటాడు. టికెట్టు పోతుందని అతణ్ని తొందరపెట్టారో, పడవలో ఉన్న పిల్లాపెద్దల ప్రాణాలతో పందెం కాసినట్టే. అందుకే ముందురోజే మాహె చేరిపోండి. ఆ ఒక్క రాత్రి అద్దె దండగ అనిపించొచ్చు. నిజానికి మొత్తం టూర్లో చవకైన ఖర్చు అదే!