ఏలీయాకు ముందు రొట్టె, తరువాతే మాట



పోయిన నెల యవనస్థుల కూడికలో తలొక కాగితం ఇచ్చి, పేరు రాయకుండా మీ మనసులోని భారం రాయండి అన్నాము. ఉద్యోగం, పెళ్లి, పరీక్షలు అని రాస్తారనుకున్నాము. ఇంటికి తెచ్చుకుని అమ్మగారూ మేమూ చదువుతూ ఉంటే చాలాసేపు మాట రాలేదు. "తెల్లవారుజామున మూడింటి దాకా నిద్ర పట్టదు" అని ఒకరు. "రొయ్య రేటు అడగడానికి నాన్న ఫోన్ తీస్తే చాలు, నాకు గుండె దడ" అని ఒకరు. "ప్రార్థనకు మోకరిస్తే ఏడుపు వస్తోంది గాని మాట రావడం లేదు. ఇది పాపమా అయ్యగారూ?" అని మరొకరు.

ఆ చివరి ప్రశ్నకు జవాబుగానే ఇది రాస్తున్నాము. కాదు తల్లీ, కాదు నాయనా. అది పాపము కాదు.

మన పెద్దలు కొందరు అంటారు: "మా కాలంలో కష్టాలు లేవా? 1996 తుపానులో కొబ్బరి చెట్లు నేలకొరిగాయి, ఇళ్లు పోయాయి. మేము బతకలేదా?" నిజమే. ఆ కష్టాన్ని మేము తక్కువ చేయము. అయితే ఆ రోజుల్లో ఊరంతా ఒకేసారి ఏడ్చింది, ఒకే గంజి తాగింది, ఒకరి ఇంటి కప్పు ఒకరు నేసుకున్నారు. ఇప్పటి పిల్లల మీదికి వచ్చే తుపాను ఎవరికీ కనబడదు. రాత్రి దుప్పటి కింద ఫోనులోనే వస్తుంది, ఒక్కొక్కరి మీదికే వస్తుంది.

లెక్క చూడండి. 2020 మార్చిలో దేశమంతా మూతపడినప్పుడు ఇంటర్ చదువుతున్న పిల్లలే నేడు ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. ఆ మహమ్మారి మొదటి సంవత్సరంలోనే ప్రపంచంలో ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైతే అక్కడ వైద్యవిద్య చదువుతున్న మన తెలుగు పిల్లలు పుస్తకాలు వదిలేసి ప్రాణాలతో తిరిగి వచ్చారు. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచితే, ఆ దెబ్బ మన రొయ్యల చెరువు గట్టు మీద పడింది. ఎక్కడో ఒకరు పెట్టిన సంతకం ఇక్కడ ఒక ఇంట్లో పిల్లవాడి ఫీజు అయింది, ఒక ఆడబిడ్డ పెళ్లి వాయిదా అయింది. పిల్లలకు ఇదంతా తెలుసు. తెలిసీ ఏమీ చేయలేకపోవడమే వాళ్ల భారం.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. కొంతకాలం క్రితం ఒక తమ్ముడు పట్నంలో ఉద్యోగం పోయి ఇంటికి వచ్చాడు. ఒక సాయంత్రం మా దగ్గరకు వచ్చి "బతకాలని లేదు అయ్యగారూ" అన్నాడు. మేము ఏమి చేశాము? "అలా అనకూడదు బాబూ, అది అపవాది తలంపు, విశ్వాసం పెంచుకో" అని తల మీద చెయ్యి వేసి రెండు నిమిషాలు ప్రార్థించి పంపేశాము. తరువాతి ఆదివారం ప్రార్థన మనవులలో మైకులో అతని పేరు చదివాము. నాలుగు నెలలు అతను మందిరం గడప తొక్కలేదు. అతని అక్క డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లబట్టి, దేవుని దయవలన ఈ రోజు మన మధ్య ఉన్నాడు. తరువాత ఒకసారి అతనే అన్నాడు: "ప్రార్థన వద్దనలేదు అయ్యగారూ. మీరు కాసేపు కూర్చుంటారేమో అనుకున్నాను."

ఆ మాట మమ్మును మొదటి రాజుల గ్రంథము 19వ అధ్యాయమునకు తీసుకువెళ్లింది. కర్మెలు పర్వతం మీద అగ్నిని దింపిన ఏలీయా, యెజెబెలు బెదిరింపు విని పారిపోయాడు. తన పనివాణ్ణి బెయేర్షెబాలో వదిలేసి, ఒంటరిగా అరణ్యంలోకి వెళ్లి, బదరీ వృక్షము కింద కూర్చుని ఇక చావు ఇమ్మని అడిగాడు. అంత గొప్ప ప్రవక్త! దేవుడు అతణ్ణి గద్దించలేదు. నీ విశ్వాసం ఏమైందని అడగలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి లేపి, వేడి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు. మళ్లీ తినిపించాడు. హోరేబు దగ్గర మాట్లాడడం ఆ తరువాత సంగతి. అక్కడ కూడా ముందు అతణ్ణి చెప్పనిచ్చి విన్నాడు. చివరికి ఎలీషాను తోడు ఇచ్చాడు.

నిద్ర, ఆహారం, వినే చెవి, ఒక తోడు. దేవుడు వేసిన వరుస ఇది. మేమేమో ప్రసంగంతో మొదలుపెట్టాము.

ఇంకొక మాట. యుద్ధ వార్త వచ్చిన ప్రతిసారీ మత్తయి 24వ అధ్యాయము తెరిచి, అంత్యదినములు వచ్చేశాయని పిల్లలను భయపెడుతున్నాము. వాట్సాప్‌లో అవే వీడియోలు పంపుకుంటున్నాము. యుద్ధాల సమాచారం విన్నప్పుడు కలవరపడవద్దని ప్రభువు చెప్పినది కూడా ఆ అధ్యాయంలోనే ఉన్నది కదా. ఆయన ధైర్యపరచడానికి చెప్పినదాన్ని మనం బెదిరించడానికి వాడుతున్నాము.

"డాక్టరు దగ్గరకు వెళితే విశ్వాసం ఏమైనట్టు?" అని అడిగేవారు ఉన్నారు. పొద్దున్నే షుగరు మాత్ర వేసుకుని ఆరాధనకు వచ్చేవాళ్లమే కదా మనం! పౌలుకు తోడుగా నడిచిన లూకా వైద్యుడే. మనసు కూడా దేవుడు చేసినదే, దానికీ జబ్బు చేస్తుంది. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి చెడిపోయి, దేనిమీదా మనసు నిలవకపోతే డాక్టరుకు చూపించండి. చనిపోవాలన్న మాట నోట వస్తే రెండు వారాలు ఆగవద్దు, ఆ బిడ్డను ఒంటరిగా వదలవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఫోనులో ఇప్పుడే దాచుకోండి. కూటములకు వెళ్లి వచ్చామని, డాక్టరును అడగకుండా మందులు మానవద్దు.

మన సంఘంలో ఇకమీదట ఇలా చేద్దాము. మనసు బాధతో వచ్చినవారి పేరు మైకులో చదవము. "నీకేం తక్కువ" అన్న మాట పిల్లల దగ్గర మానుదాము. సాక్ష్యముల సమయంలో "నేను ఇంకా పోరాటంలోనే ఉన్నాను, ప్రార్థించండి" అని చెప్పేవారికి కూడా చోటు ఇద్దాము. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, అయినా అది పరిశుద్ధ గ్రంథములో ఉన్నది.

ప్రార్థన తగ్గించమని కాదు. మోకరించి లేచాక ఆ బిడ్డ పక్కన కూర్చోవాలి, అన్నం పెట్టాలి, ఆసుపత్రికి తోడు వెళ్లాలి. ఏలీయాకు రొట్టె తెచ్చినది కూడా దేవుని దూతే.

యవనస్థులారా, మా తలుపు ఏ రాత్రి వేళైనా తట్టండి. ఈసారి కూర్చుంటాము.

ప్రభువా, బదరీ వృక్షము కింద ఉన్న మా బిడ్డలను మాకు చూపించుము. వారికి రొట్టె తీసుకువెళ్లే మనసు మాకు దయచేయుము. ఆమేన్.