నెత్తురిస్తేనే కూతురా?

బిమల్ రాయ్ తీసిన 'సుజాత' (1959) కులం మీద గొప్ప సినిమా అని మేధావులు ఇప్పటికీ పొగుడుతారు. నూతన్ నటన మాకూ ఇష్టమే. కానీ కథ చూడండి. కలరాకి అమ్మానాన్నా పోయిన అంటరాని పసిబిడ్డని బ్రాహ్మణ ఇంజనీరు ఇంట్లో పెంచుతారు. పెంచిన తల్లి చారు నలుగురిలో ఆ పిల్లని కూతురనదు, 'కూతురులాంటిది' అంటుంది. కులమంతా ఆ 'లాంటిది'లోనే ఉంది. తన కన్నకూతురికి అనుకున్న కుర్రాడు సుజాతని కోరేసరికి ఆ ప్రేమా ఆవిరైపోయింది. తర్వాత చారు మెట్ల మీంచి పడింది, నెత్తురు కావాల్సొచ్చింది. సుజాత నెత్తురే సరిపోయింది. అప్పటిగ్గానీ ఆ పిల్ల కూతురూ కాలేదు, కోడలూ కాలేదు!

మన 'మాలపిల్ల' (1938)లోనూ ఇదే తంతు. మంటల్లో చిక్కిన శాస్త్రి భార్యని పల్లె మనిషి కాపాడాకే శాస్త్రికి మనసు కరిగింది. 21 ఏళ్ళు గడిచినా రేటు మారలేదు. ఒక తల్లి ప్రాణం నిలబెడితేనే మనం మనుషులం.

ఇంకోటి. 1956లో బాబాసాహెబ్ నాగపూర్‌లో లక్షలమందితో బౌద్ధం తీసుకున్నారు. మూడేళ్ళకి వచ్చిన ఈ సినిమాలో సుజాత చావబోయి, గాంధీ మాటలు చూసి ఆగుతుంది. బుద్ధుడికి పాయసం పెట్టినామె పేరైతే పెట్టారు గానీ అంబేద్కర్ ఊసే లేదు.

సుజాతని కన్న తల్లి మొదట్లోనే కథలోంచి పోయింది. ఆమె గురించి అడిగినవాడు లేడు. మా మామిడికుదురు పేటల్లోనూ అలాంటి తల్లులున్నారు. బిడ్డల్ని అమ్మమ్మల దగ్గరొదిలి, కువైట్‌లో పరాయి బిడ్డల్ని సాకుతున్నారు. వాళ్ళ కథ ఎవరు తీస్తారు?