కాలు అతికింది సరే, మనిషి లేచిందా?

(వాడ ఆరోగ్యం – 6వ భాగం)



అనంతపురంలో ఆటోల వెనక నర్సింగ్ హోమ్‌ల ప్రకటనలు చూడండి. ఎంత పెద్ద డాక్టరు, ఎంత ఖరీదు మిషను, ఏ కార్డు చెల్లుతుంది, అన్నీ ఉంటాయి. తుంటి విరిగి వచ్చిన వందమందిలో మూడు నెలలకు ఎంతమంది తమంతట తాము నడుస్తున్నారన్న అంకె మాత్రం ఉండదు. మనం అడగలేదు కాబట్టి ఉండదు.

అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే వేరు. వృద్ధులూ, ఆపరేషన్ తర్వాత కోలుకునేవాళ్లూ ఉండే చోటు. వంద రోజుల లోపు ఉండి వెళ్లేవాళ్లను అక్కడి మెడికేర్ విడిగా లెక్కిస్తుంది. ఎందరు మళ్లీ ఆస్పత్రి పాలయ్యారు, ఎందరు సొంతింటికి చేరారు, కదలిక ఎంత మెరుగైంది అని ఒక్కో హోమ్‌కూ లెక్క కట్టి అందరి ముందూ పెడుతుంది. 2008 నుంచి నక్షత్రాలు కూడా ఇస్తోంది. అదేదో స్వర్గమని కాదు. కదలిక లెక్కలు హోమ్‌లే రాసిచ్చుకుంటాయి, తన పేపరు తనే దిద్దుకున్నట్టు. మళ్లీ ఆస్పత్రిలో చేరినవాళ్ల లెక్క బిల్లుల నుంచి వస్తుంది. దాన్ని దాచడం కష్టం.

మన దగ్గర బిల్లులు లేవా? 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మనదొకటి. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది గానీ, ఎక్కడ ఎవరికి ఏ ఆపరేషన్‌కి ఎంత చెల్లించారో ట్రస్టు దగ్గరే ఉంటుంది. అదే మనిషి అదే కాలుతో మళ్లీ చేరితే ఆ బిల్లూ అక్కడికే వెళ్తుంది. ఆస్పత్రివారీగా తీసి పెట్టమంటున్నాం, అంతే.

సర్కారుకు కొలవడం రాదనుకోకండి. వికలాంగుల పింఛను దగ్గర శాతాలు పెట్టి కొలుస్తుంది. 40కి ఒకటి తగ్గినా పింఛను లేదు. పూర్తిగా మంచానికి పరిమితమైతే నెలకు 15 వేలు. ఇవ్వాల్సిందే, అందులో పేచీ లేదు. కానీ మంచం పట్టకుండా ఆపగల కొన్ని వారాల ఫిజియోథెరపీ మన వాడ దాకా ఎందుకు రాదు? ఫిజియోథెరపీ అంటే తాకడం. ఇంకొకరి కాలు చేతుల్లోకి తీసుకుని వంచడం. మన గడప దాటి వచ్చి ఆ పని చేసే మనిషి కోసం బడ్జెట్‌లో పోస్టు ఉండాలి.

తెలుగు పాఠం చెప్పేవాణ్ని కాబట్టి ఒక మాట. రిహాబిలిటేషన్‌కి మన ఆఫీసుల తెలుగు 'పునరావాసం'. శ్రీశైలం ముంపు జనానికీ అదే మాట ఇచ్చారు. వాళ్లకేం దక్కిందో వాళ్లనడగండి.

ఏది కొలవాలన్నదీ కులం ప్రశ్నే. 1965 నాటి బార్తెల్ సూచీలో పది అంశాలుంటాయి: తినడం, స్నానం, మెట్లెక్కడం వగైరా. గొంతుక్కూర్చుని శెనక్కాయ చేలో కలుపు తీయడం లేదు. బిందె ఎత్తడం లేదు. వరండాలో పదడుగులు నడిపించి 'కోలుకుంది' అని రాస్తే, కూలి పోయిన మా అవ్వ ఏ లెక్కలోకి వస్తుంది?

యాజమాన్యాలు వెంటనే అంటాయి, మాకు ముదిరిన కేసులొస్తాయి, పోల్చడం అన్యాయం అని. ఈ మాట కొట్టిపారేయకండి. పుత్తూరు కట్టు కట్టించుకుని, అది కుదరక, అప్పు పుట్టాక వచ్చే కూలీనీ, పడిన రోజే కారులో వచ్చినవాణ్నీ ఒకే తక్కెట్లో తూస్తే, అంకె చెడకూడదని ముందు మననే వాకిట్లోంచి తిప్పి పంపుతారు. అందుకే వయసు, దూరం, దెబ్బ తగిలిన ఎన్నో రోజుకు వచ్చారు అన్నవి కలిపి పోల్చాలి. ఎవర్ని తిప్పి పంపారో కూడా రాయాలి, కులంతో సహా.

విద్యార్థి సంఘాల తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గత మూడేళ్లలో తుంటి, తొడ ఎముక ఆపరేషన్లు ఆస్పత్రివారీగా ఎన్ని, 90 రోజుల్లో మళ్లీ చేరినవాళ్లెందరు, అందులో ఎస్సీ, ఎస్టీలెందరు? పేర్లు అడగొద్దు, అంకెలు చాలు. దరఖాస్తు నమూనా వచ్చే భాగంలో పెడతాను.

జై భీమ్.