వడ్డించేవాడు మనవాడైతే…

ముందే చెప్పేస్తున్నా, ఇది క్రికెట్ టపా కాదు. ఐస్ హాకీ గురించి. "మాకెందుకు బాబూ ఈ మంచుగోల" అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను :). కానీ ఎంసెట్ ర్యాంకు కోసం రెండేళ్ళు హాస్టల్లో మగ్గి, తీరా కాలేజీలో చేరాక పక్క బెంచీలో మేనేజ్‌మెంట్ కోటా కుర్రాణ్ణి చూసి కడుపు మండినవాళ్ళు ఎవరైనా ఉంటే మాత్రం చివరిదాకా చదవండి. నా బాధ మీకు అర్థమవుతుంది.

నేను ఒంటారియోకి వచ్చిన కొత్తలో, సోమవారం పొద్దున్న ఆఫీసులో కాఫీ దగ్గర నడిచే మాటలు ఒక్క ముక్క ఎక్కేవి కావు. అందరూ హాకీ, హాకీ. సరే, ఊళ్ళో ఉన్నప్పుడు ఊరివాళ్ళలా ఉండాలని నేనూ చూడటం మొదలుపెట్టా. టీవీలో వచ్చే పెద్ద లీగు ఎన్‌హెచ్‌ఎల్ కన్నా నన్ను పట్టేసుకుంది జూనియర్ హాకీ. మామూలుగా 16 నుంచి 20 ఏళ్ళ కుర్రాళ్ళు. చిన్న చిన్న ఊళ్ళు. అమ్మానాన్నల్ని వదిలి, ఎవరో తెలియని కుటుంబం ఇంట్లో ఉంటూ, పొద్దున్న బడికి పోయి సాయంత్రం ఆడే పిల్లలు. చలికాలంలో పది పన్నెండు గంటలు బస్సులో పోయి ఆడి, మళ్ళీ అదే బస్సులో తిరిగొచ్చే పిల్లలు. వీళ్ళలో చాలామంది ఎన్‌హెచ్‌ఎల్ గడప తొక్కరు. వాళ్ళ జీవితంలో ఆడే అతి పెద్ద ఆట ఇక్కడే, ఈ వయసులోనే.

ఇప్పుడు పద్ధతి చెప్తా. మూడు లీగులున్నాయి: ఒంటారియో లీగు, పశ్చిమ రాష్ట్రాల లీగు, క్యుబెక్ లీగు. మూడూ కలిపి అరవై జట్ల దాకా ఉంటాయి, కొన్ని అమెరికా ఊళ్ళవి కూడా. ఒక్కో లీగులో సీజనంతా ఆడాక ప్లేఆఫ్స్. నాలుగు రౌండ్లు. ఒక్కో రౌండులో మామూలుగా ఏడు మ్యాచుల సిరీస్, ముందుగా నాలుగు గెలిచినవాళ్ళు పైకి, రెండోవాళ్ళు ఇంటికి. అంటే లీగు ఛాంపియన్ కావాలంటే పదహారు సార్లు గెలవాలి. రెండు నెలల రక్తం, చెమట. అలా గెలిచిన ముగ్గురు ఛాంపియన్లు చివర్లో ఒకచోట కలిసి మెమోరియల్ కప్పు కోసం ఆడతారు.

అక్కడిదాకా బాగానే ఉంది కదా? కానీ ఆ టోర్నీలో ఆడేది మూడు జట్లు కాదు, నాలుగు. నాలుగో జట్టు ఎవరయ్యా అంటే, టోర్నీ ఏ ఊళ్ళో జరుగుతుందో ఆ ఊరి జట్టు. సొంత లీగులో ఏం చేసింది, ఎక్కడ ఓడింది అని అడిగేవాడు లేడు. హాలు మనది, పందిరి మనది, కాబట్టి విస్తరి కూడా మనదే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని మన పెద్దలు ఊరికే అనలేదు.

మొదట్లో ఇలా లేదు. ఈ కప్పు 1919లో మొదలైంది, మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన కెనడా సైనికుల జ్ఞాపకార్థం. పేరులోనే ఉంది కదా. ఆ మొదటి ఏడు టొరంటో యూనివర్సిటీ స్కూల్సు జట్టు రెజైనా జట్టుని రెండు ఆటల్లో కలిపి 29-8 తేడాతో చిత్తుచేసింది. తర్వాత 1971 దాకా తూర్పు విజేతకీ పడమర విజేతకీ పోటీ, అంతే. 1972 నుంచి మూడు లీగుల ఛాంపియన్లతో టోర్నీ. 1983లో ఈ ఆతిథ్యం కోటా వచ్చింది. కోటా పెట్టిన మొదటి ఏడే ఏమైందో తెలుసా? పోర్ట్‌లాండ్ జట్టు పశ్చిమ లీగు ఫైనల్లో లెత్‌బ్రిడ్జ్ చేతిలో ఓడిపోయి, ఇంటాయన హోదాలో టోర్నీకి వచ్చి, కప్పు ఎగరేసుకుపోయింది. మొదటి రోజే టెస్టు ఫెయిలైంది. మనమైతే ఆ మార్పుని ఆ సాయంత్రమే వెనక్కి తీసేవాళ్ళం. వాళ్ళు నలభై ఏళ్ళు దాటినా అలాగే నడిపిస్తున్నారు.

అసలు నా కడుపు మండింది 2017లో. ఆతిథ్యం విండ్సర్‌ది. ఒంటారియో లీగు ప్లేఆఫ్స్ మొదటి రౌండులో విండ్సర్‌ని లండన్ జట్టు ఇంటికి పంపింది (ఇది ఒంటారియోలోని లండన్, రాణిగారి లండన్ కాదు). అదీ మామూలుగా కాదు, 3-1 ఆధిక్యంలో ఉండి కూడా విండ్సర్ వరసగా మూడు ఓడింది. తర్వాత రౌండులో ఆ లండన్‌ని ఈరీ ఓడించింది. ఈరీ ఇంకా రెండు రౌండ్లు గెలిచి లీగు ఛాంపియన్ అయింది. ఈలోపు విండ్సర్ కుర్రాళ్ళు ఏం చేస్తున్నారు? 44 రోజులు ఒక్క పోటీ ఆట లేకుండా హాయిగా దెబ్బలు మాన్పుకుని, సాధన చేసుకుంటున్నారు. మెమోరియల్ కప్పు ఫైనల్లో విండ్సర్ 4, ఈరీ 3. విండ్సర్‌ని ఓడించిన జట్టుని ఓడించిన జట్టు చేతిలోంచి కప్పు విండ్సర్‌కి పోయింది. ఈ వాక్యం రెండుసార్లు చదవండి, నేను పదిసార్లు చదువుకున్నా.

ఇక అవార్డులు చూడండి, అక్కడే తమాషా. ఒంటారియో లీగు ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడికి వేన్ గ్రెట్జ్‌కీ 99 అవార్డు ఇస్తారు, 1999 నుంచి. 2017లో అది ఈరీ ఆటగాడు వారెన్ ఫోగల్‌కి వచ్చింది. మెమోరియల్ కప్పు టోర్నీలో అత్యుత్తమ ఆటగాడికి స్టాఫర్డ్ స్మైథ్ ట్రోఫీ ఇస్తారు, 1972 నుంచి. అదీ ఈరీ ఆటగాడికే, డిలన్ స్ట్రోమ్‌కి. లీగు కప్పు ఈరీది, లీగు ప్లేఆఫ్స్ అవార్డు ఈరీది, టోర్నీ అవార్డు ఈరీది. పెద్ద కప్పు మాత్రం మొదటి రౌండులో ఓడినవాళ్ళది. ఓడిన జట్టులో గొప్ప ఆటగాడు ఉండకూడదని కాదు, ఏ ఆటలోనైనా జరుగుతుంది. కానీ ఆ ఏడాది కెనడా జూనియర్ హాకీ చరిత్ర నాకు తెలియాలంటే పెద్ద కప్పు మీది పేరు చూడను, ఆ రెండు అవార్డుల మీది పేర్లు చూస్తా. నిజం అక్కడుంది.

(అన్నట్టు ఈ స్టాఫర్డ్ స్మైథ్ ఎవరంటే టొరంటో మేపుల్ లీఫ్స్ అధ్యక్షుడిగా చేసిన పెద్దమనిషి. మోసం, దొంగతనం ఆరోపణల మీద విచారణ మొదలయ్యే ముందే 1971లో పోయాడు. మరుసటి ఏడే ఆయన పేరు మీద పిల్లలకి ట్రోఫీ! దాని మీద ఇంకో టపా రాయచ్చు గానీ, ఇప్పటికి వదిలేద్దాం.)

మా టీములో ఒక టెస్టరున్నాడు, పుట్టింది పెరిగింది విండ్సర్‌లోనే. ఈ మాటంటే భోజనం పక్కనపెట్టి మరీ వాదిస్తాడు. అతని వాదనలు మూడు. న్యాయంగా మూడూ చెప్తా.

మొదటిది: "మేం టోర్నీలో నాలుగుకి నాలుగు గెలిచాం, ముగ్గురు ఛాంపియన్లనీ ఓడించాం. ఇంకేం కావాలి?" నిజమే. విండ్సర్ బాగా ఆడింది, ఒప్పుకుంటా. ఆ కుర్రాళ్ళ మీద నాకు కోపం లేదు. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవాడు కూడా పరీక్షలు రాసే పాసవుతాడు కదా. నా గొడవ మార్కుల గురించి కాదు, సీటు గురించి. ఆ సీటు రాకపోతే ఆ మార్కులే లేవు.

రెండోది: "అదేదో 2017లో ఒక్కసారి జరిగింది, దాన్ని పట్టుకుని వేలాడతావేంటి?" అయ్యా, లెక్క చూద్దాం. 2017 నుంచి 2025 దాకా ఏడు టోర్నీలు జరిగాయి (కోవిడ్ వల్ల 2020, 2021 లేవు). ఆ ఏడింటిలో ఇంటాయన జట్టు ఫైనల్‌కి వెళ్ళింది అయిదుసార్లు. కప్పు గెలిచింది మూడుసార్లు. ఆ ఏడుగురు ఆతిథేయుల్లో ముగ్గురు, అంటే 2017లో విండ్సర్, 2018లో రెజైనా, 2022లో సెయింట్ జాన్, సొంత లీగులో మొదటి రౌండులోనే ఓడినవాళ్ళు. ముగ్గురూ ఫైనల్ ఆడారు, ఇద్దరు గెలిచారు. సెయింట్ జాన్ అయితే మొదటి రౌండులో ఓడాక కోచ్‌ని పీకేసి, కొత్త కోచ్‌ని తెచ్చుకుని, నెల రోజుల పైన తీరిగ్గా తయారై, ఫైనల్లో హామిల్టన్‌ని 6-3తో ఓడించింది. అదే క్యుబెక్ లీగులో ఆ ఏడు ఛాంపియన్ షావినిగన్. వాళ్ళు సెమీఫైనల్లో ఇంటిదారి పట్టారు. (ఆ షావినిగనే 2012లో రెండో రౌండులో ఓడి, ఆతిథ్యం సీటులో కప్పు కొట్టింది. కర్మ ఫలం అంటారా? :))

2024 కథ ఇంకా బాధ. లండన్ జట్టు సాగినాని లీగు ప్లేఆఫ్స్‌లో 4-2తో ఓడించి, లీగు ఛాంపియన్ అయింది. మెమోరియల్ కప్పు లీగ్ దశలో మూడుకి మూడు గెలిచింది, అందులో సాగినా మీద గెలుపు కూడా ఉంది. ఫైనల్లో 3-0 వెనకబడి, 3-3 చేసి, చివరి నిమిషంలో గోలు ఇచ్చి 4-3తో సాగినాకి కప్పు వదిలేసింది. సాగినా ఎవరు? ఇంటాయన.

మూడోది, కాస్త బరువైన వాదన: "ఊరి జట్టు ఆడకపోతే టిక్కెట్లు ఎవడు కొంటాడు? ఆ డబ్బుతోనే కదా ఇదంతా నడిచేది." దీనికి నేను నవ్వి ఊరుకోలేను. చిన్న ఊళ్ళలో ఖాళీ కుర్చీల మధ్య ఫైనల్ ఆడటం ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ ఈ డబ్బు లెక్కలో పిల్లల ఖర్చు ఎవరూ వెయ్యరు. ఆతిథ్యం ముందే ఖాయమవుతుంది. జూనియర్ జట్టు ఏటేటా మారిపోతుంది, వయసు దాటినవాళ్ళు వెళ్ళిపోతారు. అప్పుడు ఇంటాయన పరువు కోసం ఏం చేస్తాడు? సీజను మధ్యలో వేరే జట్ల నుంచి మంచి ఆటగాళ్ళని తెచ్చుకుంటాడు, బదులుగా తన కుర్రాళ్ళనీ, రాబోయే ఏళ్ళ డ్రాఫ్టు హక్కుల్నీ ఇచ్చేస్తాడు. పదిహేడేళ్ళ పిల్లాడు జనవరిలో బడి మధ్యలో మూట కట్టుకుని, ఇంకో ఊళ్ళో ఇంకో ఇంటికి పోతాడు. పండగ అయిపోయాక చాలాసార్లు ఆ జట్టు రెండు మూడేళ్ళు అడుగున పడి ఉంటుంది. ఆ ఏళ్ళలో ఆడే పిల్లల సంగతేంటి? వాళ్ళకి మళ్ళీ పదిహేడేళ్ళు రావు.

ఊరికే తిట్టి పోవడం నాకు అలవాటు లేదు, బగ్ రాస్తే ఫిక్స్ కూడా రాయాలి. నా ఫిక్స్ చిన్నది. ఆతిథ్యం అలాగే ఉండనివ్వండి, ఊరు పండగ చేసుకోనివ్వండి. కానీ నాలుగో సీటుకి ఒక్క షరతు పెట్టండి: ఇంటాయన సొంత లీగులో కనీసం రెండు రౌండ్లు గెలవాలి. గెలవలేదా, ఆ సీటు లీగు ఫైనల్లో ఓడిన ఒక జట్టుకి ఇవ్వండి. మూడు లీగులకీ వంతులవారీగా తిప్పండి. కొన్ని ఏళ్ళు కొన్ని కుర్చీలు ఖాళీగా ఉంటాయి, ఒప్పుకుంటా. ఆ నష్టం పెద్దవాళ్ళది, భరించగలరు. పదహారు ఆటలు గెలిచి వచ్చి, మొదటి రౌండులో ఓడినవాడి చేతిలో కప్పు చూసి, అదే చివరి ఆటగా బూట్లు విప్పేసే ఇరవై ఏళ్ళ కుర్రాడి నష్టం అలాంటిది కాదు.

యుద్ధంలో చనిపోయినవాళ్ళలో చాలామందిది దాదాపు ఇదే వయసు. వాళ్ళ పేరు మీద పెట్టిన కప్పు ఇది. దానికి కోటా ఏంటండీ?

మా టెస్టరు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. రేపు మళ్ళీ భోజనాల దగ్గర కలుస్తాం. మీలో విండ్సర్, సాగినా వైపు ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే నన్ను నిరభ్యంతరంగా తిట్టండి, కానీ పైనున్న లెక్కల్లో తప్పు చూపించి తిట్టండి.