చుట్లు లెక్కపెట్టిన చేతికి మార్కులు లేవా?

ఈ సంచికకు ఏదైనా రాసివ్వమని హాస్టల్ తమ్ముళ్లు నా షాపుకు వచ్చి అడిగారు. నాకు కవిత్వం రాదు. ఇదే హాస్టల్లో ఉండి 2004లో పదో తరగతి పాసయ్యాను. తర్వాత ఐ.టి.ఐ. చేసి చండ్రుగొండలో మోటారు వైండింగ్ షాపు పెట్టుకున్నాను. కాబట్టి నాకు తెలిసిన మోటార్ల గురించే నా అభిప్రాయం రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మిత్రులారా, మన ప్రాంతంలో వైండింగ్ షాపు అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. ఎండాకాలం లో ఓల్టేజీకి మోటారు కాలితే రైతు దాన్ని బండిమీద వేసుకుని నేరుగా మా దగ్గరికే వచ్చేవాడు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యే దాకా రాత్రి కరెంటు వచ్చే వేళకు మోటారు ఇచ్చెయ్యాలని మేమూ నిద్ర మానుకునేవాళ్లం. ఆ పనిలో ఇన్నేళ్లు చేయి తిరిగినవాణ్ణి కదా, మోటారు గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. ఆ గర్వం పోయిన ఏడాది మన హాస్టల్ తొమ్మిదో తరగతి తమ్ముడొకడు దించాడు.

ఆ అబ్బాయి తెచ్చింది అరచేతిలో పట్టే మోటారు. థర్మాకోల్ విమానానికి పెట్టేది. మొక్కజొన్న చేలో చిలకలను తోలడానికి నెమ్మదిగా తిరిగే విమానం చేస్తానని సైన్సు ప్రదర్శనకు పేరిచ్చాడట. నెమ్మదిగా ఎగరాలంటే పెద్ద పంకా కావాలని 11 అంగుళాల పంకా బిగించాడు. మోటారు దాన్ని మోయలేక కాలిపోయింది. అలాంటిది కొత్తది కొన్నా పెద్ద ఖరీదు కాదు. కానీ వాడికి అదే కొత్తది వద్దు, అదే మోటారు తక్కువ స్పీడుతో కావాలి. "అన్నా, ఇది ఓల్టుకు వెయ్యి తిరుగుతుంది. ఏడు వందలు తిరిగేట్టు చుట్టివ్వు" అన్నాడు.

నేను నవ్వాను. "చుట్లు మారిస్తే స్పీడు మారదు తమ్ముడూ, స్పీడు పోల్స్‌లో ఉంటుంది" అన్నాను. మా పనిలో అది నిజమే. మన కరెంటు సెకనుకు 50 సార్లు మారుతుంది. రెండు పోల్స్ మోటారుకు ఆ లెక్కన నిమిషానికి 3000, నాలుగు పోల్స్‌కు 1500. లోడు మీద అంతకంటే కొంచెం తక్కువ తిరుగుతుంది. చుట్లు తగ్గిస్తే స్పీడు పెరగదు, మోటారు ఎక్కువ కరెంటు లాగి కాలుతుంది. ఈ మాట నేను వందమంది రైతులకు చెప్పి ఉంటాను.

వాడు ఒప్పుకోలేదు. ఇది బ్రష్‌లెస్ మోటారు అన్నాడు. విప్పి చూశాం. రాగి చుట్టిన భాగం లోపల కదలకుండా ఉంది. అయస్కాంతాలు అతికించిన డొప్ప దాని చుట్టూ తిరుగుతుంది. బ్యాటరీకి, మోటారుకు మధ్య ఒక చిన్న కంట్రోలర్ ఉంటుంది. అది డొప్ప ఎక్కడుందో కనిపెడుతూ మూడు తీగలకు వంతులవారీగా కరెంటు పంపుతుంది. అంటే ఇక్కడ 50 అనే కట్టుబాటు లేదు, డొప్ప ఎంత వేగంగా తిరిగితే వంతులు అంత వేగంగా మారతాయి. మరి దాన్ని ఆపేది ఏది? అయస్కాంతం తిరిగేకొద్దీ ప్రతి చుట్టులోనూ ఎదురు ఓల్టేజీ పుడుతుంది. ఆ ఎదురు ఓల్టేజీ బ్యాటరీ ఓల్టేజీకి దగ్గరపడగానే మోటారు ఇక వేగం పుంజుకోలేదు. చుట్లు ఎక్కువైతే ఆ హద్దు తక్కువ వేగంలోనే వస్తుంది. తక్కువైతే పైవేగంలో వస్తుంది. ఇంతే సంగతి. లోడు లేనప్పుడు ఒక ఓల్టుకు నిమిషానికి ఎన్ని తిరుగుళ్లో ఆ అంకెనే కేవీ అంటారు. కిలోఓల్టు అనుకుని నేను మొదట పొరబడ్డాను. ఆ కేవీని చుట్ల సంఖ్యతో హెచ్చిస్తే ఒక మోటారుకు ఎప్పుడూ సుమారు ఒకే లబ్ధం వస్తుంది.

పాత తీగ విప్పుతూ లెక్కపెట్టాం. పన్నెండు పళ్లు, ఒక్కో పంటికి 14 చుట్లు. 14ను వెయ్యితో హెచ్చిస్తే 14,000. దాన్ని 700తో భాగిస్తే 20 చుట్లు. మూడో తరగతి భాగాహారం!

చెయ్యడం మాత్రం మూడో తరగతి పని కాదు. పాత చుట్టు నాలుగు సన్న తీగలు కలిపి చుట్టింది. అంటే ఒక పంటి మీద 56 తీగలు. మేము మూడు తీగలు కలిపి 20 చుట్లు వేస్తే 60. యాభయ్యారు పట్టినచోట అరవై పట్టించాలి. స్క్రూగేజితో తీగ మందం కొలిచింది ఆ అబ్బాయే. (మీ ల్యాబులో బీరువాలో పెట్టి తాళం వేసిన స్క్రూగేజి ఉంటుంది చూడండి, అదే.) నా దగ్గర ఫ్యాన్లకు వాడే సన్న తీగ దాదాపు సరిపోయింది. ఒక ఫేజు 1, 2, 7, 8 పళ్ల మీద వస్తుంది. ఒకటో పంటికి కుడివైపు చుడితే రెండుకు ఎడమ, ఏడుకు ఎడమ, ఎనిమిదికి కుడి. ఎక్కడ దిక్కు తప్పినా మోటారు వణుకుతుంది కానీ సరిగా తిరగదు. మొదటిసారి పంటి అంచుకు ఎనామిల్ గీరుకుని తీగ ఇనుముకు తగిలింది. మీటరు కుయ్యిమంది. మొత్తం విప్పేశాం. రెండోసారికి రెండు ఆదివారాలు పట్టింది.

తర్వాత పరీక్ష. వాడి స్నేహితుడి దగ్గర అదే రకం మోటారు, చుట్లు మార్చనిది ఉంది. రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి నా డ్రిల్లింగ్ మిషనుకు బిగించి ఒకే వేగంతో తిప్పి, రెండు తీగల మధ్య ఓల్టేజీ చూశాం. పాతది 1.9 చూపించింది, మేము చుట్టింది 2.7. భాగించి చూడండి, 1.42. ఇరవైని పద్నాలుగుతో భాగిస్తే 1.43. ఇరవై ఏళ్లుగా తీగ చుడుతున్నాను గానీ, నా చేతి పని దశాంశాల్లో అలా సరిపోవడం చూడటం అదే మొదలు. నిజం చెప్పాలంటే రాత్రి నిద్ర పట్టలేదు.

ఒక మాట దాచకూడదు. చుట్లు మార్చినంత మాత్రాన మోటారుకు కొత్త బలం రాదు. పట్టే రాగి అంతే, కాబట్టి పని కూడా అంతే. చుట్లు పెరిగితే ఒక్కో ఆంపియరుకు తిప్పే బలం పెరుగుతుంది, కానీ తీగ నిరోధం దాదాపు రెట్టింపవుతుంది, స్పీడు తగ్గుతుంది. గేరు మార్చినట్టన్నమాట. పెద్ద పంకాను నెమ్మదిగా తిప్పాలన్న ఆ అబ్బాయి అవసరానికి అది సరిపోయింది, అంతే.

ఇది మన ఊళ్లో పుట్టిన వింత కూడా కాదు. 2000 తర్వాతి సంవత్సరాల్లో పాడైన సీడీ డ్రైవుల్లోని మోటార్లు విప్పి, అయస్కాంతాలు మార్చి, తిరగచుట్టి చిన్న విమానాలు ఎగరేసినవాళ్లు విదేశాల్లో ఎందరో ఉన్నారు. లూకస్, రెట్జ్‌బాక్, క్యూఫస్ అనే ముగ్గురు జర్మన్ల పేర్ల మొదటి అక్షరాలతో ఎల్.ఆర్.కె. అనే చుట్టు పద్ధతే ఉంది. మేము వేసిన చుట్టు దాని నుంచి వచ్చిందే. అక్కడ దాన్ని హాబీ అన్నారు, గౌరవించారు. మన దగ్గర అదే పని చేసేవాణ్ణి "వైండింగోడు" అంటారు.

ఇక ప్రదర్శన సంగతి. ఏ ప్రదర్శనో చెప్పను. న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దమనిషి ఆ బల్ల దగ్గర నిమిషం కూడా నిలబడలేదు. మోటారు మీద మేము కట్టిన పసుపు దారం చూసి "కొత్తది దొరకలేదా బాబూ?" అని వెళ్లిపోయాడు. పట్నంలో రెడీమేడుగా కొనుక్కొచ్చిన, లైట్లు వెలిగే నమూనాకు బహుమతి వచ్చింది. తెచ్చిన పిల్లల మీద నాకు కోపం లేదు. వాళ్ల తల్లిదండ్రులు అప్పుచేసి కొనిచ్చి ఉంటారు. కానీ లోపల ఏముందో విప్పి చూపించమని వాళ్లను ఎవరూ అడగలేదు. ఇది ఎంతవరకు న్యాయం?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన హాస్టల్ ప్రదర్శనలో బల్ల మీద పెట్టిన ప్రతి వస్తువు గురించీ, విద్యార్థి తన చేత్తో కొలిచిన ఒక్క అంకె చెప్పాలి. చెప్పలేకపోతే బహుమతి లేదు. కాలిన ఫ్యాన్లు పాత ఇనుముకు వెళ్లేముందు ఒక ఆదివారం పిల్లల చేతికి రావాలి. ఒక మీటరు, ఒక స్క్రూగేజి, అరకిలో తీగ ఉంటే చాలు. డ్రిల్లింగ్ మిషను నేనిస్తాను. ఇళ్లలోకి బ్రష్‌లెస్ ఫ్యాన్లు వచ్చేశాయి, పాతవి 75 వాట్లు లాగేచోట ఇవి 30 దరిదాపుల్లో సరిపెడతాయి. చేలమీద మందు కొట్టే డ్రోన్లకు ఉన్నవీ ఈ జాతి మోటార్లే. అయితే జాగ్రత్తలు ఉన్నాయి. లిథియం బ్యాటరీ షార్టయితే మంటలు లేస్తాయి, పెద్దవాళ్లు పక్కన లేకుండా దాన్ని ముట్టకూడదు. మందు డ్రోను లాంటి బరువైన వాటికి ఇంట్లో చుట్టిన మోటారు పెట్టకూడదు, మనుషుల తలల మీద ఎగిరేది అది.

పరీక్షల చదువు పాడవుతుందని కొందరు సార్లు అంటారు. వాళ్లకు జవాబు చెప్పగలను. విద్యుత్ ప్రేరణ పాఠం బట్టీ పట్టడం కంటే డ్రిల్లింగ్ మిషను దగ్గర పది నిమిషాలు నిలబడటం మేలు.

నాకు జవాబు దొరకని మాట ఆ అబ్బాయి వాళ్ల నాన్నది. పత్తి తీసే రోజులు, కూలి మానుకుని షాపుకు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "మావాడు సదువుకోవాలని హాస్టల్లో ఏశాను సారూ. మళ్లీ ఈ మసి పనేంది ఆడికి?" అన్నాడు. మా నాయన కూడా నన్ను ఇదే మాట అన్నాడు, ఐ.టి.ఐ.లో చేరినప్పుడు. ఇది మసి పని కాదు, భౌతికశాస్త్రం అని చెప్పబోయాను. నా గోళ్లలో వార్నిష్ చూసుకుని ఊరుకున్నాను. నేను ఆయన కొడుకును వైండర్ని చెయ్యాలనుకోవడం లేదు. వాడు ఇంజనీరయితే, కాలిన మోటారు ముందు చేతులు కట్టుకుని నిలబడని ఇంజనీరు కావాలని నా కోరిక. ఇది ఆయనకు అర్థమయ్యేలా చెప్పడం ఇంకా నాకు చేతకాలేదు.

మొన్న ఆ తమ్ముడు మళ్లీ వచ్చాడు. విమానం బాగా ఎగురుతోందట గానీ, గాలికి ఎదురు నిలవడం లేదట. ఈసారి 850 కావాలన్నాడు. పద్నాలుగు వేలను 850తో భాగిస్తే పదహారున్నర దగ్గర వస్తోంది.

"పదహారు చుట్లా, పదిహేడా అన్నా?"

"రెండింటికీ లెక్క వేసుకుని ఆదివారం రా" అన్నాను.