ఆధార్ తీసుకున్నాం, కాగితం ఇచ్చామా?

పోయిన మిరప కోతల కాలంలో, మన సంఘ సభ్యులే డైరెక్టర్లుగా ఉన్న ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీ షెడ్డుకు వెళ్లాను. తాలుకాయ ఏరే పనికి పద్నాలుగు మంది ఆడవాళ్లు వస్తున్నారు. వాళ్లలో ఒకామె తొమ్మిది రోజుల కూలి రావాలంటోంది. గుమస్తా ఆరు రోజులే అంటున్నాడు. మస్టరు అతని దగ్గరే ఉంది, రాసేదీ అతనే. "అమ్మా, నీ దగ్గర ఏమైనా కాగితం ఉందా?" అని అడిగాను. ఆమె నవ్వింది. "నా కాగితాలన్నీ ఆయన ఫోన్‌లోనే ఉన్నాయి కదన్నా" అంది.

నిజమే. ఆధార్ రెండు వైపులా, పాసు పుస్తకం మొదటి పేజీ, ఆమె ఫొటో, ఫోన్ నంబరు అన్నీ గుమస్తా సొంత ఫోన్‌లో ఉన్నాయి. అక్కడి నుంచి ఒక వాట్సాప్ గ్రూపులోకి వెళ్లాయి. ఆ గ్రూపులో ముఠా మేస్త్రి ఉన్నాడు, లారీ డ్రైవర్లు ఉన్నారు, కోల్డ్ స్టోరేజీ వాళ్లు ఉన్నారు. ఆమె చేతిలో మాత్రం మనం ఇచ్చిన చీటీ ముక్క ఒక్కటి లేదు.

ఆ కూలి ఆ సాయంత్రమే ఇప్పించాం. కానీ ఆ నవ్వు నాతోనే ఇంటికి వచ్చింది. ఎవరో మిల్లు యజమాని షెడ్డులో ఈ మాట విని ఉంటే మర్నాడు ధర్నా చేసేవాళ్లం. ఇది మన షెడ్డు.

2025 నవంబరులో వారం తేడాతో రెండు చట్టాలు కదిలాయి. నెల మధ్యలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నియమాలు గెజిట్‌లో వచ్చాయి. 21వ తేదీన నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, 29 పాత చట్టాల స్థానంలో. "అవి కంపెనీల గొడవ, రైతుకెందుకు?" అని మండల సమావేశంలో ఒక సోదరుడు అడిగాడు. మూడు సాగు చట్టాలను పార్లమెంటు ఆమోదించిన 2020 సెప్టెంబరు సమావేశాల్లోనే, ఈ నాలుగు కోడ్‌లలో మూడింటినీ ఆమోదించింది. సాగు చట్టాలను ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది పాటు కూర్చుని 2021లో వెనక్కి తీయించారు మన సోదరులు. కోడ్‌లు మాత్రం ఐదేళ్లు ఆగి వచ్చాయి. మూడు వందల మంది లోపు ఉన్న ఫ్యాక్టరీలో ప్రభుత్వ అనుమతి లేకుండా కార్మికుల్ని తీసేయొచ్చు అనడాన్ని, సమ్మెకు పద్నాలుగు రోజుల ముందు నోటీసు అనడాన్ని మనం వ్యతిరేకించాం, ఇప్పుడూ వ్యతిరేకిస్తున్నాం. ఆ పోరాటం వేరు. ఈ నెల నేను రాస్తున్నది మనమే యజమానులుగా ఉన్న చోటు గురించి.

కంపెనీ పెట్టుకున్నాం, సొసైటీలు పెట్టుకున్నాం, అద్దె యంత్రాల కేంద్రాలు నడుపుతున్నాం. గుమస్తా, డ్రైవరు, హమాలీ, ఏరే ఆడవాళ్లు మన దగ్గర పనిచేస్తున్నారు. చట్టం దృష్టిలో మనం యజమానులం.

వేతనాల కోడ్ ప్రకారం రోజు కూలికి వచ్చినవాళ్లకు ఆ రోజు పని ముగిసేసరికి డబ్బు ఇవ్వాలి. వారం లెక్కయితే వారం చివరి పనిరోజున, నెల జీతమైతే మరుసటి నెల 7లోపు. పని మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. గంటలు దాటితే దానికి రెట్టింపు రేటు. ఇవన్నీ ఒక ఎత్తు, నాకు ముఖ్యమనిపించింది ఇంకొకటి. కూలి అందలేదనో తక్కువ ఇచ్చారనో ఫిర్యాదు పెడితే, ఇచ్చామని రుజువు చేసే బాధ్యత యజమానిదే. తొమ్మిది రోజులా ఆరు రోజులా అన్నది ఆమె తేల్చనక్కర్లేదు, మనం తేల్చాలి. మూడేళ్ల దాకా ఆ ఫిర్యాదు పెట్టుకోవచ్చు. ఆ గుమస్తా మస్టరులో ఆమె సంతకం గానీ వేలిముద్ర గానీ ఒక్క చోటా లేదు. కార్మిక శాఖ ముందు నిలబడితే ఏం చూపిస్తాం?

పది మంది, అంతకంటే ఎక్కువ పనివాళ్లున్న సంస్థ ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలని వృత్తి భద్రత కోడ్ చెబుతోంది. ఆ షెడ్డులో పద్నాలుగు మంది.

ఎకరన్నర మిరప వేసి ఆరుగురిని కోతకు పిలిచే రైతు సంగతేమిటని అడుగుతారు. నియామక పత్రం అతనికి వర్తించదు. కనీస వేతనం వర్తిస్తుంది. 1948 చట్టం షెడ్యూలులోనే వ్యవసాయం ఉంది, ఇప్పుడు షెడ్యూలే పోయి అన్ని పనులూ దాని కిందికి వచ్చాయి. ఒకే పనికి ఆడ కూలి ఒక రేటు, మగ కూలి ఒక రేటు కూడదన్నది 1976 నుంచీ ఉన్న చట్టమే. మన ఊళ్లలో ఈ రెండు రేట్లూ ఎలా నడుస్తున్నాయో రాయనక్కర్లేదు, చదివేవాళ్లందరికీ తెలుసు. మద్దతు ధర జాబితాలోనే లేని పంటకు కూలి ఎలా పెంచాలని రైతు అడిగితే అందులో న్యాయముంది. 2025 ఫిబ్రవరిలో మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిరపకు కేంద్రం ప్రకటించిన ధర క్వింటాకు 11,781 రూపాయలు. పెట్టుబడి లెక్కలు వేసుకున్న రైతుకు ఆ అంకె ఎంత దూరమో తెలుసు. అందుకే ధర కోసం మనం రోడ్డెక్కుతాం. కానీ కూలి ఖర్చును కలిపి ధర అడుగుతూ, ఆ కూలి ఎంత ఇచ్చామో కాగితం మీద చూపించలేకపోతే మన లెక్క ఎవరు నమ్ముతారు?

ఇక డేటా చట్టం. ఇది ఫోన్‌లో, కంప్యూటరులో ఉన్న వివరాలకూ, కాగితం మీద తీసుకుని తర్వాత అందులోకి ఎక్కించిన వివరాలకూ వర్తిస్తుంది. బీరువాలో మూలుగుతున్న జిరాక్సు కట్టకు వర్తించదు, దాన్నే ఫొటో తీసి గ్రూపులో పెడితే వర్తిస్తుంది. వివరాలు తీసుకున్న సంస్థ వాటిని భద్రంగా ఉంచాలి, అవసరం తీరాక చెరిపేయాలి. మన తరఫున మేస్త్రి పోగుచేసినా బాధ్యత మనదే. భద్రతలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. అంత మొత్తం మన సొసైటీల మీద వేస్తారని భయపెట్టను, అది గరిష్ఠ పరిమితి. ఈ బాధ్యతలు 2027 మే మధ్యలో అమల్లోకి వస్తాయి. అప్పటిదాకా సర్దుకోవడానికి గడువు.

కానీ ఈ చట్టంలో ఒక మెలిక ఉంది. ఉద్యోగ అవసరాల కోసమైతే పనివాళ్ల సమ్మతి అడగకుండానే యజమాని వాళ్ల వివరాలు వాడుకోవచ్చు. నా వివరాలు ఏమున్నాయో చూపించు, తప్పుంటే దిద్దు అనే హక్కు మాత్రం సమ్మతి మీద ఇచ్చిన వివరాలకే. అంటే అడగకుండా తీసుకున్నవాడి దగ్గర హక్కు తక్కువ. జరిమానా వసూలైతే అది కేంద్ర ఖజానాకు పోతుంది, ఎవరి ఆధార్ బయటపడిందో ఆమెకు పైసా రాదు. తప్పుడు ఫిర్యాదు అంటే మాత్రం ఆమెకే పదివేల దాకా జరిమానా పడొచ్చు. కాబట్టి మన సంస్థల్లో చట్టం అడిగినంత చేస్తే చాలదు. ఎందుకు తీసుకుంటున్నామో తెలుగులో చెప్పి, ఒప్పుకుంటేనే తీసుకోవాలి.

కూలీకి రక్షణ ఇచ్చే సెక్షన్లకు పద్దెనిమిది నెలల గడువు పెట్టినవాళ్లు, ఒక సెక్షన్‌కు మాత్రం గడువు పెట్టలేదు. సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చే భాగం నవంబరులోనే అమల్లోకి వచ్చింది. మునుపు ప్రజా పనికి సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్నే నిరాకరించగలిగేవాళ్లు. ఇప్పుడు "వ్యక్తిగత సమాచారం" అన్న ఒక్క మాట చాలు. ఉపాధి పనుల మస్టరులో చనిపోయినవాళ్ల పేర్లు ఎలా పట్టుకున్నాం? పంట నష్టపరిహారం జాబితాలో కౌలు రైతు పేరు లేదని, పొలం గట్టెక్కనివాడి పేరు ఉందని ఎలా బయటపెట్టాం? పేర్లు చూసే కదా. ఆమె ఆధార్ నంబరు దాచాలి, నిజమే. ఎవరికి ఎన్ని రోజుల పని, ఎంత పరిహారం అన్నది దాచకూడదు. ఈ తేడాను చట్టం చెరిపేసింది. అయితే 8(2) అలాగే ఉంది, దాచడం కంటే చెప్పడంలో ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని. ఇకమీదట దరఖాస్తు పెట్టే సభ్యులు ప్రజాప్రయోజనం ఏమిటో నాలుగు వాక్యాలు రాసి, 8(2) కింద అడుగుతున్నామని స్పష్టంగా పేర్కొనండి. నిరాకరిస్తే అప్పీలు చేయండి, ఆ ప్రతి ఒకటి జిల్లా కార్యాలయానికి పంపండి.

మన సంస్థల విషయానికి వస్తే, చేయాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పేరు, పని, రోజు రేటు, డబ్బు ఇచ్చే రోజు, గొడవ వస్తే ఎవరికి చెప్పాలో రాసిన ఒక పేజీ కాగితం. పనివాళ్ల చేతిలోనే ఉండే హాజరు కార్డు, రోజూ సాయంత్రం గుమస్తా అందులో సంతకం పెట్టాలి. గుమస్తా సొంత ఫోన్ కాకుండా ఆఫీసు ఫోన్. ఆధార్ నంబరు అవసరం లేని చోట ఆధార్ అడగకపోవడం, ఇది అన్నింటికంటే సులువు, ఎవరికీ తట్టదు.

ఆ కంపెనీలో ఈ సీజనుకు కార్డులు అచ్చు వేయించారు. గ్రూపులోని ఫొటోలు తీసేశామని చెప్పారు, గుమస్తా ఫోన్ నేనే చూశాను. మేస్త్రి ఫోన్ సంగతి ఇంకా తేలలేదు. నియామక పత్రం నమూనా జిల్లా కార్యాలయంలో ఉంది. వచ్చే నెల కార్యవర్గ సమావేశానికి ప్రతి సొసైటీ కార్యదర్శీ తమ మస్టరు పట్టుకుని రావాలి.