గూళ్లలో నిధి లేదు.. చరిత్ర ఉంది
దామరవాయి గుట్టలపై ఇనుపయుగపు సమాధులు.. లెక్క, హద్దు ఉంటేనే రక్షణ

తాడ్వాయి: ములుగు జిల్లా తాడ్వాయి మండలం దామరవాయి సమీపంలోని అటవీ గుట్టలపై బృహత్ శిలాయుగపు సమాధులు బారులు తీరి ఉన్నాయి. స్థానికులు వీటిని ‘రాకాసి గూళ్లు’గా పిలుస్తారు. ఇంతటి బండలను మనుషులు ఎత్తలేరని, రాక్షసులే పేర్చి ఉంటారన్న నమ్మకమే ఆ పేరుకు మూలం. వాస్తవానికి ఇవి రెండు వేల ఏళ్లకు పూర్వమే ఇనుము వాడకం ఎరిగిన జనం తమ మృతులకు కట్టుకున్న ఇళ్లు.

నిర్మాణంలో నేర్పు
ఇసుకరాతి పలకలను పక్కలకు నిలిపి, పైన ఒకే పెద్ద బండను కప్పుగా పరిచారు. లోపల అస్థికలు ఉంచేందుకు రాతి తొట్టెలు అమర్చారు. గోదావరి లోయలోని ఈ తరహా సమాధుల గురించి సర్వే అధికారి ముల్హెరాన్ 1868లోనే రాశారు. పొరుగున ఉన్న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జానంపేటలోనూ ఇవి విస్తారంగా ఉన్నాయి.

ఆశే అసలు ముప్పు
గుప్తనిధుల భ్రమ ఇటువంటి సమాధుల పాలిట శాపమవుతోంది. ఇవి రాజుల ఖజానాలు కావు. సాధారణంగా లభించేవి కుండ పెంకులు, ఇనుప పనిముట్లు, ఎముకలు, పూసలు మాత్రమే. సంతలో వాటికి విలువ లేదు. అవి ఏ పొరలో, ఏ వరుసలో ఉన్నాయన్న దానినిబట్టే పరిశోధకులు కాలాన్ని, ఆచారాన్ని నిర్ధారిస్తారు. ఒక్కసారి గడ్డపార పడితే ఆ వరుస చెదిరిపోతుంది. పక్క పలక కదిలితే పైకప్పు కూలుతుంది. తిరిగి నిలిపినా పోయిన సాక్ష్యం తిరిగిరాదు.

చట్టం ఉన్నా..
2010లో సవరించిన చట్టం ప్రకారం కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల వరకు నిర్మాణాలు, తవ్వకాలు నిషేధం. ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అయితే ఆలయం మాదిరిగా ఇవి ఒకే ప్రాకారంలో లేవు. గుట్ట గుట్టకూ విస్తరించాయి. హద్దు ఎక్కడి నుంచి కొలవాలన్నదే చిక్కు. పైగా అడవి ఒక శాఖది, చరిత్ర మరో శాఖది. ఇరువురూ కలిసి నడవనిదే కాపలా సాధ్యం కాదు.

ఇదే జిల్లాలోని రామప్ప ఆలయానికి 2021లో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. దామరవాయికి ముందుగా కావలసింది హోదా కాదు. ప్రతి గూటికీ ఒక సంఖ్య, పటంలో చోటు, గుట్ట చుట్టూ హద్దురాళ్లు, ఊరి యువతకు కాపలా బాధ్యత. లెక్కలో లేనిది మాయమైనా అడిగేవారుండరు.